పాత రోడ్డు సైకిల్ ఫ్రేముకు లావు టైర్లు: 650బి మార్పిడిలో లెక్కలు, పనులు

[దృశ్యం: బల్ల మీద చక్రాలు లేని పాత రాలీ ఫ్రేము. కెమెరా వెనక చక్రం బిగించే చోటికి నెమ్మదిగా కదులుతుంది.]

1970ల తొలి సంవత్సరాల్లో అమెరికాలో సైకిళ్ల గిరాకీ ఎంతగా పెరిగిందంటే, 1973 ఒక్క ఏడాదిలోనే సుమారు కోటిన్నర సైకిళ్లు అమ్ముడయ్యాయి. ఇంగ్లండు, ఫ్రాన్స్, జపాన్ దేశాల నుంచి దిగుమతి అయిన పది గేర్ల రోడ్డు సైకిళ్లకు అక్కడ మంచి మార్కెట్ దొరికింది. వాటిలో చాలా వాటిని కొన్నవారు నాలుగు రోజులు తొక్కి గ్యారేజీలో తగిలించేశారు కాబట్టి, అక్కడ స్థిరపడిన మన తెలుగువారికి ఈనాటికీ పాత సామాన్ల అమ్మకాల్లో అలాంటి ఫ్రేములు చవకగా కనబడుతుంటాయి. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తయారైన ఒక రాలీ ఫ్రేమును తీసుకుని, 42 మిల్లీమీటర్ల లావు టైర్లతో నడిచే రోడ్డు సైకిలుగా దాన్ని ఎలా మారుస్తారో ఈ వీడియోలో వివరిస్తాను.

ఈ ఫ్రేము 27 అంగుళాల చక్రాలకు చేసినది. ఆ రిమ్ము మీద టైరు కూర్చునే అంచు వ్యాసం 630 మి.మీ., దానికి వేసే టైరు వెడల్పు 1¼ అంగుళం, అంటే 32 మి.మీ. అదే రిమ్ముకు ఇంకా లావు టైరు తొడిగితే అది వెనక గొట్టాలకు, బ్రేకుకు, ఫోర్కు తలకు రాసుకుంటుంది. అందువల్ల రిమ్మును చిన్నది చేసి, మిగిలిన చోటును టైరుకు ఇస్తారు. 650బి అనే రిమ్ము వ్యాసం 584 మి.మీ. ఫ్రెంచి దూరప్రయాణ సైకిళ్లలో దశాబ్దాల పాటు వాడిన ఈ కొలతే, ఈనాటి 27.5 అంగుళాల మౌంటెన్ బైకులకు కూడా కొలత అయింది. అందుకే టైర్లు, రిమ్ములు సులభంగా దొరుకుతాయి. అయితే రిమ్ములు కొనేటప్పుడు ఒక మెలిక ఉంది: మౌంటెన్ బైకు రిమ్ముల్లో చాలావరకు డిస్క్ బ్రేకులకు చేసినవి, వాటి పక్కగోడలు బ్రేకు కట్టె (రిమ్మును ఒత్తే రబ్బరు ముక్క) ఒరుసుకోవడానికి పనికిరావు. పాత ఫ్రేముకు రిమ్ము బ్రేకులే ఉంటాయి కాబట్టి, బ్రేకు పట్టే చదునైన పక్కగోడ ఉన్న రిమ్మునే ఎంచుకోవాలి.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పక వస్తుంది. మన ఊళ్లలో పాలక్యాన్లు, ధాన్యపు బస్తాలు మోసిన నల్ల సైకిలుకు 1½ అంగుళం టైరు ఉంటుంది కదా, ఆ చక్రాలనే దీనికి బిగించకూడదా అని. ఆ రిమ్ము వ్యాసం 635 మి.మీ., అంటే 27 అంగుళాల రిమ్ము కన్నా కూడా పెద్దది. లావు టైరు మనకు కొత్త కాదు గానీ, ఆ చక్రం ఈ ఫ్రేములో ఇమడదు.

[దృశ్యం: తెర మీద రెండు చక్రాల అడ్డుకోత బొమ్మ. 347, 334 అనే అంకెలు పక్కపక్కన.]

పాత చక్రం టైరుతో కలిపి వ్యాసార్ధం 347 మి.మీ. కాగా, 42 మి.మీ. టైరు వేసిన 650బి చక్రానిది 334 మి.మీ. అంటే సైకిలు మొత్తం 13 మి.మీ. కిందికి దిగుతుంది. మొదటి నుంచీ 700సి అనే 622 మి.మీ. వ్యాసపు రిమ్ములకు, 23 మి.మీ. సన్న టైర్లకు చేసిన ఫ్రేము అయితే ఈ ఇబ్బంది ఉండదు, ఎందుకంటే ఆ చక్రం వ్యాసార్ధం కూడా సరిగ్గా 334 మి.మీ.యే. మన ఫ్రేము విషయంలో మాత్రం పెడల్ నేలకు తగిలే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి, ఫ్రేము కొనకముందే పాత చక్రాలతో నిలబెట్టి, పెడళ్ల ఇరుసు మధ్యబిందువు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, అందులో 13 తీసివేయాలి. మిగిలేది 260 మి.మీ. కన్నా తగ్గితే నేనైతే ఆ ఫ్రేమును వదిలేస్తాను. అంచున ఉంటే 170 మి.మీ. క్రాంకుల (పెడళ్లను మోసే చేతుల) బదులు 165 మి.మీ. క్రాంకులు వేసి కొంత సర్దుకోవచ్చు. చక్రం చిన్నదైనందువల్ల ముందు ఫోర్కు ట్రైల్, అంటే హ్యాండిలు తిరిగే గీత నేలను తాకే చోటుకూ టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరం, కూడా సుమారు 4 మి.మీ. తగ్గుతుంది. హ్యాండిలు కాస్త తేలికగా తిరుగుతుందే తప్ప నడపడం కష్టం కాదు.

అసలు పరీక్ష చైన్ స్టేల దగ్గర ఉంటుంది. పెడళ్ల ఇరుసు నుంచి వెనక చక్రం దాకా వెళ్లే ఈ రెండు గొట్టాలు ముందువైపు దగ్గరగా, వెనక్కి పోయేకొద్దీ దూరంగా ఉంటాయి. చిన్న రిమ్ము వల్ల మనకు కలిగే అసలు లాభం ఇక్కడే తెలుస్తుంది. పాత చక్రంలో టైరు అత్యంత వెడల్పుగా ఉండే చోటు వెనక చక్రం ఇరుసు నుంచి 331 మి.మీ. దూరంలో ఉంటే, కొత్త చక్రంలో అది 313 మి.మీ. దూరంలోనే ఉంటుంది. అంటే టైరు ఉబ్బు 18 మి.మీ. వెనక్కి, గొట్టాలు ఇంకా విడిగా ఉన్న చోటికి జరిగినట్టు.

[దృశ్యం: దగ్గరగా. అట్టముక్కను పొడవాటి పట్టీగా కత్తిరించి, ఒక కొనలో ఇరుసు పట్టేంత రంధ్రం చేసి, 313 మి.మీ. దగ్గర పెన్సిలు గీత గీస్తున్న చేతులు.]

ఈ అట్టపట్టీని డ్రాపౌట్ల (ఫ్రేములో చక్రం ఇరుసు కూర్చునే చీలికల) మధ్య బిగించిన ఇరుసుకు గుచ్చి, గీత ఉన్న చోట గొట్టాల లోపలి అంచుల మధ్య దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి. 42 మి.మీ. టైరుకు అటూ ఇటూ నాలుగేసి మిల్లీమీటర్లు విడిచిపెడితే మనకు కావలసింది 50 మి.మీ. 46 వస్తే 38 మి.మీ. టైరుతో సరిపెట్టుకోవడం మేలు. గొట్టాలను నొక్కి లొట్ట చేసి చోటు తెచ్చుకునేవారు ఉన్నారు, నైపుణ్యం ఉన్న ఫ్రేము పనివాడి చేతిలో అది మంచి పద్ధతే గానీ ఇంటి బెంచ్‌వైస్‌తో చేసే పని కాదు. ఆ కాలపు డ్రాపౌట్లు అడ్డంగా చీలి ఉంటాయి కాబట్టి ఇరుసును కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరిపి కూడా చోటు సంపాదించుకోవచ్చు.

బ్రేకుల విషయంలో లెక్క సూటిగా ఉంటుంది. రిమ్ము అంచు ఇరుసు వైపు 23 మి.మీ. దిగిపోతుంది, కాబట్టి బ్రేకు కట్టెలు కూడా అంతే కిందికి అందాలి. బ్రేకు బోల్టు మధ్య నుంచి కొత్త రిమ్ము పక్కగోడ మధ్య దాకా కొలిచినప్పుడు 55 నుంచి 73 మి.మీ. మధ్య వస్తే టెక్ట్రో ఆర్559 బ్రేకు సరిపోతుంది. 61 నుంచి 78 మధ్య వస్తే డయా-కాంపె 750 సెంటర్‌పుల్ బ్రేకు (రెండు చేతులనూ కేబుల్ మధ్య నుంచి లాగే రకం) పనికొస్తుంది. 78 దాటితే, బ్రేకు చేతులు తిరిగే పిడులను ఫ్రేముకే లోహం కరిగించి అతికించాల్సి రావచ్చు గనుక రంగు పోయి ఖర్చు పెరుగుతుంది. చేతులు పొడవైనకొద్దీ బ్రేకు పట్టు మెత్తబడుతుంది, అందువల్ల మంచి కేబుళ్లు, మంచి కట్టెలు వేయడంలో పిసినారితనం చూపకూడదు.

ఇక వెనక హబ్బు, అంటే ఇరుసును పట్టుకుని ఉండే చక్రం నడిమి భాగం. అయిదు గేర్ల కాలంలో డ్రాపౌట్ల మధ్య దూరం 120 మి.మీ., ఆరేడు గేర్ల కాలంలో 126 మి.మీ., ఆ తరువాతి రోడ్డు హబ్బులకు 130 మి.మీ. ఉక్కు ఫ్రేమును చల్లగా ఉండగానే కొద్దిగా వంచి ఈ దూరాన్ని పెంచవచ్చు. అల్యూమినియం, కార్బన్ ఫ్రేములను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఇలా వంచకూడదు. 120 నుంచి 130కి పోవాలంటే ఒక్కో పక్కకు 5 మి.మీ. జరగాలి. రెండు పక్కలనూ ఒకేసారి బలవంతంగా విప్పితే బలహీనమైన పక్కే ఎక్కువ వంగుతుంది, అందుకని పొడవాటి కర్రను సీటు గొట్టానికి ఆనించి ఒక్కో పక్కను విడివిడిగా, కొద్దికొద్దిగా వంచి, ప్రతిసారీ కొలుస్తారు.

[దృశ్యం: దగ్గరగా. ఒక డ్రాపౌటుకు కట్టిన దారం ముందు హెడ్ ట్యూబు చుట్టూ తిరిగి రెండో డ్రాపౌటుకు వచ్చి బిగిసింది.]

ఈ దారానికీ సీటు గొట్టానికీ మధ్య దూరం రెండు పక్కలా సమానంగా ఉంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్టే. ఆ తరువాత డ్రాపౌట్లు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో సరిచూడాలి. ఈ పని వదిలేస్తే ఇరుసు వంగి, చివరకు విరుగుతుంది.

పెడళ్ల ఇరుసు కూర్చునే బాటమ్ బ్రాకెట్ దగ్గర పాత రాలీ ఒక ముడి వేసి పెట్టింది. సాధారణ ఇంగ్లిష్ మర అంగుళానికి 24 చుట్లు ఉంటే, ఈ కంపెనీ చాలా ఫ్రేములకు 26 చుట్ల సొంత మర వేసింది. ఇరుసు, గుండ్లు ఒకే ముక్కగా వచ్చే నేటి కార్ట్రిడ్జిని అందులో బలవంతంగా తిప్పితే మర పాడవుతుంది. పాత కప్పులు నున్నగా ఉంటే వాటినే ఉంచి, తగిన కొలత ఇరుసును, కొత్త గుండ్లను వేయడం అన్నిటికన్నా మంచి దారి. అవి అరిగిపోయి ఉంటే మరతో పని లేకుండా గొట్టం లోపల బిగుసుకునే రకం బ్రాకెట్లు దొరుకుతాయి. కుడివైపు కప్పు విప్పేటప్పుడు అది ఎడమ మర అని గుర్తుంచుకోవాలి. తుప్పుతో బిగుసుకుపోయిన స్టెమ్ (హ్యాండిలును పట్టుకునే కడ్డీ), సీటు కడ్డీల మీద నూనె పోసి ఒకటి రెండు రోజులు ఆగడం తప్ప తొందర పనికిరాదు.

గేర్ల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు: ముందు 46, 30 పళ్ల చక్రాలు, వెనక ఎనిమిది లేదా తొమ్మిది గేర్లు చాలు. మిగిలిన డబ్బు టైర్ల మీద పెట్టండి. మందపాటి, గట్టి పక్కగోడలున్న లావు టైరు వేస్తే ఇంత శ్రమా వృథా అవుతుంది. గరుకు రోడ్డు మీద శక్తి టైరులో మాత్రమే కాదు, అదిరే మనిషి శరీరంలోనూ ఖర్చవుతుంది. పక్కగోడలు పలచగా, మెత్తగా ఉన్న టైరు ఆ అదురును తగ్గిస్తుంది కాబట్టే లావుగా ఉన్నా నెమ్మదిగా నడవదు.

చివరిగా గాలి. బరువు పడినప్పుడు టైరు తన ఎత్తులో సుమారు 15 శాతం కుంగాలని అమెరికన్ సైకిల్ రచయిత ఫ్రాంక్ బెర్టో కొలతల ద్వారా సూచించారు. ఆ లెక్కన సాధారణ బరువున్న మనిషికి 42 మి.మీ. టైరులో సుమారు 40 పీఎస్ఐ నుంచి మొదలుపెట్టి, వెనక చక్రంలో కాస్త ఎక్కువ, ముందు చక్రంలో కాస్త తక్కువ ఉంచుకుని చూడవచ్చు. నిండా గాలి ఉన్న 42 మి.మీ. టైరు బ్రేకు కట్టెల మధ్య నుంచి బయటికి రాదు గనుక, చక్రం విప్పవలసి వచ్చినప్పుడల్లా ముందుగా గాలి తీయాలి. అందుకే ఈ సైకిలుతో దూరం పోయేవారు మంచి పంపు ఒకటి ఫ్రేముకే తగిలించుకుంటారు.