చిన్న ఛార్టర్ కంపెనీకి ట్రైనింగ్ మాన్యువల్: పేరు మార్చి పెడితే సరిపోదు

ఒక పని చూస్తే నాకు నిజంగా ఒళ్లు మండుతుంది. రెండో మూడో విమానాలున్న ఛార్టర్ కంపెనీ, అంటే విమానాన్ని అద్దెకు తిప్పే కంపెనీ, పైలట్ల ట్రైనింగ్ మాన్యువల్ రాయాల్సి వస్తుంది. ఎక్కడో పెద్ద ఎయిర్‌లైన్ మాన్యువల్ సంపాదిస్తారు, కంపెనీ పేరు మార్చి, లోగో అతికించి అనుమతికి పంపేస్తారు. ఇక ఆ ఫైలు బీరువాలోంచి బయటికొచ్చేది ఆడిట్ రోజునే.

కంపెనీ పనితీరంతా రాసుండే ఆపరేషన్స్ మాన్యువల్‌లో నాలుగు భాగాలుంటాయనీ, ట్రైనింగ్ డీ భాగంలో వస్తుందనీ మీకు తెలుసు. అది వదిలేద్దాం. అందులో ఏం రాయాలో చెప్పడానికి ఒకే ఒక ప్రమాదాన్ని పట్టుకుంటాను.

(తెరపై: టెటర్‌బరో విమానాశ్రయం రన్‌వేల పటం)

2017 మే 15. ఒక ఛార్టర్ కంపెనీ లియర్‌జెట్ 35ఏ ఫిలడెల్ఫియా నుంచి న్యూజెర్సీలోని టెటర్‌బరోకి ఖాళీగా వెళ్తోంది. ప్రయాణికులు లేరు, ఇద్దరు పైలట్లే. గాలి బలంగా వీస్తోంది. రన్‌వే 6 వైపు దిగుతూ వచ్చి, పక్కకు తిరిగి రన్‌వే 1 మీద దిగాలి. అంటే సర్క్లింగ్ అప్రోచ్. తిరగడం ఆలస్యమైంది, తక్కువ ఎత్తులో విమానం స్టాల్ అయింది, అంటే రెక్కలకు ఎత్తిపట్టే బలం పోయింది. ఇద్దరూ చనిపోయారు.

విమానం ఎక్కువసేపు నడిపింది కో-పైలట్. కంపెనీ లెక్కలో ఆయనది సున్నా స్థాయి, అంటే కంట్రోల్స్ పట్టుకోకూడదు. రూల్ రాసే ఉంది, గమనించండి! లేనిది ఏమిటంటే, ఆ రూల్ ఖాళీ విమానంలో కూడా నిలబడేలా చేసే ఏర్పాటు.

ఛార్టర్‌లో ఖాళీ ప్రయాణాలు రోజువారీ వ్యవహారం. దించేసి తిరిగి రావాలి, లేదా ఎక్కించుకోవడానికి ఖాళీగా వెళ్లాలి. "ఎవరూ లేరు కదా, కొత్తవాడికి కాస్త చేయి తిరుగుతుంది" అనే ఆలోచన అప్పుడే వస్తుంది. కాబట్టి మాన్యువల్‌లో "నడపకూడదు" అని రాసి ఊరుకుంటే లాభం లేదు. మరి ఎప్పుడు నడపాలి, ఎవరి పక్కన కూర్చుని, ఎంత గాలి వరకు, పై స్థాయికి వెళ్లినట్టు ఎవరు సంతకం పెడతారు, ఇవన్నీ రాయాలి. కొత్త కో-పైలట్‌కి నేర్చుకునే దారి మీరు చూపించకపోతే, ఆ దారి కాక్‌పిట్‌లో వాళ్లే వెతుక్కుంటారు.

ఇదే ప్రమాదంలో నన్ను ఇంకా బాధపెట్టే విషయం ఉంది. ఇద్దరు పైలట్లూ ట్రైనింగ్‌లో సర్క్లింగ్ అప్రోచ్ దగ్గర ఇబ్బంది పడ్డవాళ్లే. నేను చూసే మాన్యువల్స్‌లో ఈ అంశం ఎలా ఉంటుందో చూడండి.

(తెరపై: "సర్క్లింగ్ అప్రోచ్: సంతృప్తికరంగా చేయాలి")

సంతృప్తి ఎవరికి? ఇలా రాయండి: విమానాశ్రయం మట్టం కంటే 300 అడుగుల ఎత్తుకు దిగేసరికి రెక్కలు సమంగా, రన్‌వేకి నేరుగా ఉండాలి. లేకపోతే గో-అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేవడం. అది చేయకుండా దిగితే ఫెయిల్. ఫెయిలైతే అదనంగా ఎన్ని గంటల సిమ్యులేటర్, మళ్లీ ఎవరు పరీక్షిస్తారు, ఈలోగా ఏ విమానాశ్రయాలకు పంపకూడదు, అంతా పక్కనే రాయండి. ఇలా కత్తిరించి అతికించిన మాన్యువల్స్ అన్నిటిలో ముందు మాయమయ్యేది ఈ "ఫెయిలైతే" అనే గడే.

ఇంకొకటి కెప్టెన్ ట్రైనింగ్. ఆ లియర్‌జెట్‌లో కంట్రోల్స్ చేతులు మారింది చివరి క్షణాల్లో. పక్కవాడి దగ్గర్నుంచి ఎప్పుడు తీసుకోవాలన్నది కూడా నేర్పాల్సిన విద్యే. సిమ్యులేటర్‌లో కో-పైలట్ కావాలని వేగం తగ్గనిస్తాడు, కెప్టెన్ ఏ వేగం దగ్గర "ఐ హావ్ కంట్రోల్" అంటాడో ఇన్‌స్ట్రక్టర్ రాసుకోవాలి. దీన్ని ఒక పాఠంగానే పెట్టండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

సిమ్యులేటర్ మీది కాదు, అద్దెకు తీసుకున్నది. అందులోని ఏవియానిక్స్ (కాక్‌పిట్ ఎలక్ట్రానిక్ పరికరాలు), మీ విమానంలోవి ఒకటి కాకపోవచ్చు. తేడాలన్నీ పట్టికగా రాసి, వాటికి విడిగా ట్రైనింగ్ ఇవ్వాలి.

చీఫ్ పైలటే ఇన్‌స్ట్రక్టరు, ఆయనే ఎగ్జామినరు. మరి ఆయన్ని ఎవరు పరీక్షిస్తారు? బయటి వ్యక్తి అయినా సరే, మాన్యువల్‌లో ఆ ఏర్పాటు ఉండి తీరాలి.

ప్రొఫిషియెన్సీ చెక్, అంటే పైలట్ నైపుణ్య పరీక్ష, ఏడాదికి రెండు. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ఆరో అనుబంధం ప్రకారం ఒకేలాంటి రెండు చెక్‌లు నాలుగు నెలల లోపే జరిగితే అవి మాత్రమే సరిపోవు. సిమ్యులేటర్ స్లాట్ దొరికిందని రెండూ పక్కపక్కనే పెట్టేయకండి.

బరువు లెక్క ఛార్టర్‌లో చాలాసార్లు పైలట్లే వేసుకుంటారు, కాబట్టి అది కూడా పాఠమే. అదే టెటర్‌బరోలో 2005 ఫిబ్రవరి 2న ఒక ఛాలెంజర్ 600 విమానం బరువు కేంద్రం అనుమతించిన హద్దు దాటి ముక్కు వైపుకు జరిగింది. టేకాఫ్‌లో ముక్కు లేవలేదు. రన్‌వే దాటి, రోడ్డు దాటి గోదాముకు గుద్దుకుంది. సీట్లూ సామాన్లూ మార్చి మార్చి, మీ విమానం బరువు లెక్క షీటు మీదే ఆ లెక్క చేయించండి.

చివరిగా రివిజన్లు. మొదటి బ్యాచ్ రికరెంట్ ట్రైనింగ్ (పైలట్లకు మళ్లీ మళ్లీ ఇచ్చేది) అవగానే ఇన్‌స్ట్రక్టర్లను కూర్చోబెట్టి, ఎవరు ఎక్కడ తడబడ్డారో అడిగి, ఆ పేజీలు మార్చి మళ్లీ అనుమతికి పంపండి. పాత పేజీలను పైలట్ల ట్యాబ్‌లలోంచి తీసేయడం మర్చిపోవద్దు.