తుప్పు వదిలించే తొట్టి: బిగింపులోనే ఉంది పనితనం

వ్యాఖ్యాత: నమస్కారం. తుప్పు పట్టిన వైసు, రెంచీలు, గొడ్డలి తలలు వంటివాటిని కరెంటుతో శుభ్రం చేసే తొట్టిని ఇంట్లోనే కట్టుకోవడానికి ఎలాంటి సామాను కావాలో ఈ రోజు మాట్లాడుకుందాం. ఐ.టి.ఐ.లో ఫిట్టర్ విద్యార్థులకు చాలాకాలం పాఠాలు చెప్పిన మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, ముందుగా ఇది ఎలా పనిచేస్తుందో చెప్పండి.

మాస్టారు: నమస్కారం అమ్మా. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున బట్టల సోడా కలిపి, తుప్పు పట్టిన వస్తువును 12 వోల్టుల డి.సి. సరఫరా నెగటివ్ వైపుకు, పనికిరాని ఇనుప ఊచలను పాజిటివ్ వైపుకు కలుపుతాం. కరెంటు పారుతున్నప్పుడు వస్తువు మీద హైడ్రోజన్ బుడగలు లేస్తాయి, ఎర్ర తుప్పులో కొంత నల్లటి ఆక్సైడుగా మారి పట్టు వదులుతుంది, ఆ తరువాత బ్రష్షుతో రుద్దితే ఊడివస్తుంది. మంచి ఇనుము అరగకపోవడమే ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం.

వ్యాఖ్యాత: సోడా ఎంత వేయాలన్నదే అందరూ ముందు అడుగుతారు కదండీ?

మాస్టారు: అడుగుతారమ్మా, కానీ తొట్టి సరిగ్గా పనిచేయకపోతే నేను ముందు చూసేది సోడాను కాదు, బిగింపులను. టబ్బు అంచుల మీద అడ్డంగా ఒక చెక్క పట్టీ వేసి, దానికి రంధ్రం చేసి, నిలువునా మరలు ఉన్న ఇనుప కడ్డీని దించి, పైన వాషరు, రెక్కలున్న వింగ్ నట్టు బిగిస్తే, వస్తువును ఎంత లోతున వేలాడదీయాలో స్పానరు లేకుండా వేళ్లతోనే సవరించుకోవచ్చు. పాజిటివ్ వైపు స్లాబుకు వాడే ఊచ ముక్కలు చాలు. అయితే ఆ ఊచ మీద ఉబ్బెత్తు గీతలు ఉంటాయి కనుక క్రొకడైల్ క్లిప్పు, అంటే పళ్లున్న స్ప్రింగు క్లిప్పు, రెండు మూడు చోట్ల మాత్రమే తాకి వేడెక్కుతుంది. అందుకే ఊచ పైకొసను ఆకురాయితో ఒక పక్క చదునుగా అరగదీసి, రాగి తీగ చివర లగ్గు, అంటే చదునైన లోహపు బిళ్ల, వేసి, ఆ లగ్గును చదును మీద ఉంచి, నీటి పైపులకు వాడే హోస్ క్లిప్పుతో బిగించాలి. ఆ బిగింపు ఎప్పుడూ నీటి మట్టానికి పైనే ఉండాలి, ఎందుకంటే పాజిటివ్ వైపు రాగి నీళ్లలో మునిగితే అది కరిగిపోతుంది.

వ్యాఖ్యాత: నెగటివ్ వైపు బిగింపు బాగుందో లేదో తెలిసేదెలా?

మాస్టారు: కరెంటు పారుతుండగా మల్టీమీటరును డి.సి. వోల్టుల మీద ఉంచి, ఒక మొనను వస్తువును పట్టిన నెగటివ్ తీగ క్లిప్పు మీద, రెండో మొనను వస్తువు మీద ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దిన చోట ఆనించండి. దాదాపు సున్నా చూపించాలి. అర వోల్టు చూపించిందంటే ఆ మేరకు శక్తి బిగింపు దగ్గరే వృథా అవుతోందని అర్థం. అప్పుడు కరెంటు ఆపి, విప్పి, మళ్లీ రుద్ది బిగించాలే తప్ప సోడా గుమ్మరించకూడదు.

వ్యాఖ్యాత: ఊచలు ఎన్ని పెట్టుకోవాలి?

మాస్టారు: ఊచకు ఎదురుగా ఉన్న ముఖం త్వరగా శుభ్రమవుతుంది, చాటున ఉన్నది వెనకబడుతుంది. కనుక నాలుగు మూలలా నాలుగు ఊచలు నిలబెట్టి, అన్నింటినీ అంచు చుట్టూ తిప్పిన ఒకే తీగతో కలపడం మంచిది. ఊచను దగ్గరికి జరిపితే కరెంటు పెరుగుతుంది, దూరం జరిపితే తగ్గుతుంది. చిన్న పనిముట్టుకు రెండు మూడు ఆంపియర్లు చాలు. ఊచ వస్తువును తాకితే షార్టు అవుతుంది కనుక వరుసలో ఒక ఫ్యూజు తప్పక ఉండాలి. ఇంకొక మాట, ఈ 12 వోల్టుల సరఫరాకు బ్యాటరీ ఛార్జరు వాడదామనుకుంటే, కొత్త రకం ఛార్జర్లలో చాలావరకు ఎదురుగా బ్యాటరీ కనిపించనిదే కరెంటు ఇవ్వవు. ఆంపియర్ ముల్లు ఉన్న పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జరు గానీ, కరెంటును సవరించుకోగల, బల్ల మీద పెట్టుకునే డి.సి. సరఫరా పెట్టె (బెంచి సప్లై) గానీ వాడండి.

వ్యాఖ్యాత: ఏయే వస్తువులను దగ్గరికి రానివ్వకూడదు?

మాస్టారు: ఇది గట్టిగా చెబుతానమ్మా. వంటింటి స్టీలు గరిటెలు, గిన్నెలు పాజిటివ్ వైపు పెట్టకూడదు. వాటిలోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీళ్లలోకి దిగుతుంది. జింకు పూత ఉన్న జి.ఐ. పైపు ముక్కలు కూడా వద్దు. సోడాకు బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తొట్టి ఎప్పుడూ ఆరుబయట ఉండాలి, మెయిన్ స్విచ్చి ఆపకుండా ఏ క్లిప్పూ పీకకూడదు, ఎందుకంటే ఆ చిన్న నిప్పురవ్వ చాలు, పేరుకున్న హైడ్రోజన్ అంటుకోవడానికి.

వ్యాఖ్యాత: స్ప్రింగులు, రంపపు బ్లేడ్లు కూడా వేయవచ్చా?

మాస్టారు: బాగా గట్టిపరచిన ఉక్కులోకి హైడ్రోజన్ చొరబడి దాన్ని పెళుసుగా మార్చే ప్రమాదం ఉంది. అందుకే బరువు మోసే స్ప్రింగులను ఈ తొట్టిలో వేయవద్దని చెబుతాను, వాటికి చేత్తో రుద్దడమే మేలు. మామూలు ఇనుప వస్తువులనైతే బయటికి తీసిన వెంటనే కడిగి, నల్లపొర రుద్ది, వేడి చేసి పూర్తిగా ఆరబెట్టి, ఆ వేడి తగ్గకముందే నూనె పూయాలి. తడి ఇనుమును అలా వదిలేస్తే కాసేపటికే మళ్లీ ఎర్రబడటం మొదలవుతుంది.