ఒక్క పెన్నీ దాటితే 4,258 పౌండ్లు: బ్రిటన్‌లో కేరర్ల గోడు

[తెరపై: ఫ్రిజ్ మీద అంటించిన క్యాలెండర్, తేదీల పక్కన పెన్సిల్ అంకెలు]

లెస్టర్‌లో మా పక్కింట్లో ఒకావిడ ఉంటారు. భర్తకు పక్షవాతం వచ్చి చాలా ఏళ్లయింది. స్నానం చేయించడం, మందులు వేయడం, రాత్రి లేచి పక్క మార్చి పడుకోబెట్టడం అన్నీ ఆవిడే చూసుకుంటారు. వారంలో కొన్ని గంటలు ఒక షాపులో పనికి వెళ్తారు. ఈ క్యాలెండర్ లాంటిదే వాళ్ల ఫ్రిజ్ మీదా ఉంటుంది. ఏ రోజు ఎన్ని గంటలు పని చేశారో రాసుకుంటారు. 2024 క్రిస్మస్ ముందు ఇంకో నాలుగు గంటల షిఫ్ట్ చేస్తారా అని షాపులో అడిగితే వద్దన్నారు. డబ్బు అవసరం లేక కాదు. ఆ షిఫ్ట్ చేస్తే ఆవిడకే నష్టం.

ఎలాగో చెప్తాను. ఈ లెక్క విన్నప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు.

[తెరపై: వారానికి 81.90 పౌండ్లు]

ఇంట్లో జబ్బుతోనో వైకల్యంతోనో ఉన్నవాళ్లను వారానికి కనీసం 35 గంటలు చూసుకునేవాళ్లకు బ్రిటన్ ప్రభుత్వం కేరర్స్ అలవెన్స్ ఇస్తుంది. 2024-25లో అది వారానికి 81.90 పౌండ్లు. 35 గంటలకు పంచితే గంటకు రెండున్నర పౌండ్లు కూడా రాదు. అప్పుడు కనీస వేతనం గంటకు 11.44. అలవెన్స్ తీసుకుంటూ ఉద్యోగం చేసుకోవచ్చు, కానీ పన్ను లాంటి కోతలు పోను ఆ ఏడాది వారానికి 151 పౌండ్లు దాటి సంపాదించకూడదు.

దాటితే? దాటిన మేరకు కోస్తారనుకుంటాం కదా. కాదు. 151 పౌండ్ల 1 పెన్నీ వస్తే ఆ వారం అలవెన్స్ మొత్తం పోతుంది.

[తెరపై: 4 గంటలు × 11.44 = 45.76. పోయేది 81.90]

మా పక్కింటావిడ 13 గంటలు చేస్తే 148.72 పౌండ్లు వస్తాయి, పరిమితి లోపలే. ఇంకో నాలుగు గంటలు చేస్తే అదనంగా వచ్చేది 45.76, పోయేది 81.90. నాలుగు గంటలు నిలబడి పనిచేసి 36 పౌండ్లు ఎదురు పెట్టుకోవాలి. ఇక్కడ దీన్ని 'క్లిఫ్ ఎడ్జ్' అంటారు, అంటే కొండ అంచు. ఒక్క అడుగు ముందుకు వేస్తే నేరుగా లోయలోకే.

వారానికి ఒక్క పెన్నీ చొప్పున ఏడాదంతా దాటారనుకోండి. అదనంగా సంపాదించింది 52 పెన్నీలు. తిరిగి కట్టాల్సింది 4,258 పౌండ్ల 80 పెన్నీలు. ఈ లెక్కను రెండుసార్లు వేసి చూసుకున్నాను. నిజమే.

ఇక నాకు బాగా కోపం తెప్పించే సంగతి. ఉద్యోగుల జీతాల వివరాలు పన్ను శాఖ దగ్గర ఉంటాయి. ఎవరైనా పరిమితి దాటితే, అలవెన్స్ ఇచ్చే డీడబ్ల్యూపీ అనే ప్రభుత్వ శాఖకు కంప్యూటర్ ద్వారా హెచ్చరిక వెళ్తుంది. ఏళ్ల తరబడి ఆ హెచ్చరికల్లో దాదాపు సగమే చూశారు. మిగతావి అలాగే పడి ఉన్నాయి. ఇటు కేరర్‌కు ఏమీ తెలియదు, అలవెన్స్ పడుతూనే ఉంటుంది, బాకీ పెరుగుతూనే ఉంటుంది. చివరికి ఒకరోజు వేల పౌండ్లు కట్టమని ఉత్తరం వస్తుంది. కొందరి మీద మోసం కేసులు కూడా పెట్టారు. మొదటి నెలలోనే ఒక్క ఫోన్ చేసి చెప్తే ఆ బాకీ మహా అయితే మూడు నాలుగు వందల పౌండ్లు ఉండేది. దీన్ని కేరర్ తప్పు అనడానికి నాకు మనసొప్పదు.

మార్పు కొంత వచ్చింది, కాదనను. 2024 అక్టోబర్‌లో ప్రభుత్వం లిజ్ సేస్ అనే నిపుణురాలితో సమీక్ష మొదలుపెట్టించింది. నివేదిక 2025 నవంబర్‌లో వచ్చింది. ఒక్కో నెల ఒక్కోలా జీతం వచ్చేవాళ్లకు సగటు ఎలా కట్టాలో చెప్పే మార్గదర్శకాలే సరిగా లేవని అందులో తేలింది. 2015 నుంచి 2025 దాకా ఉన్న పాత కేసులను మళ్లీ చూస్తామని, దాదాపు 26,000 మందికి బాకీ తగ్గడమో రద్దవడమో జరుగుతుందని ప్రభుత్వం చెప్పింది.

[తెరపై: 1976, 1986]

ఈ పథకం పుట్టుకలోనే ఒక చిన్నచూపు ఉంది. 1976లో ఇది వేరే పేరుతో మొదలైంది. పెళ్లయిన ఆడవాళ్లకు ఇచ్చేవారు కాదు. ఎందుకంటే వాళ్లు ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కదా అని! ఈ మాట మన ఇళ్లలో ఎన్నిసార్లు విన్నామో గుర్తు తెచ్చుకోండి. జాక్వెలిన్ డ్రేక్ అనే ఆవిడ తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేశారు. అలవెన్స్ ఇవ్వబోమని ప్రభుత్వం చెప్తే, యూరోపియన్ కోర్టు దాకా వెళ్లి 1986లో గెలిచారు. ఆ తర్వాతే పెళ్లయిన ఆడవాళ్లందరికీ దారి తెరుచుకుంది. కానీ ఇంట్లో సేవ అంటే పని కాదు అనే ఆలోచన ఇంకా పూర్తిగా పోలేదని నాకనిపిస్తుంది.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఇదే దేశంలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు సాయం చేసే యూనివర్సల్ క్రెడిట్ అనే పథకం ఉంది. అందులో పరిమితి దాటి సంపాదించిన ప్రతి పౌండుకు 55 పెన్నీలు కోస్తారు, 45 పెన్నీలు మీకే మిగులుతాయి. ఆ పద్ధతిలో ఎక్కువ పని చేస్తే చేతికి ఎంతో కొంత ఎక్కువే వస్తుంది. అదే పద్ధతి కేరర్లకు ఎందుకు పెట్టరు? కంప్యూటర్ మార్చాలి, టైమ్ పడుతుంది అంటారు. సరే, పట్టనివ్వండి. కానీ మొదలుపెట్టండి.

ఇక్కడున్న మనవాళ్లకు ఒక మాట. వీసా మీద 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్' (అంటే ప్రభుత్వ సాయం తీసుకోకూడదు) అని ఉంటే ఈ అలవెన్స్‌కు దరఖాస్తు పెట్టకండి, తర్వాత వీసాకే ఇబ్బంది రావచ్చు. అర్హత ఉండి తీసుకుంటున్నవాళ్లు ప్రతి పేస్లిప్ దాచుకోండి. జీతం మారిన రోజే డీడబ్ల్యూపీకి చెప్పండి. చెప్పినట్టు రుజువు కూడా ఉంచుకోండి. మీరు పనిలో ఉన్నప్పుడు మీవాళ్లను చూసుకోవడానికి వేరే మనిషికి డబ్బిస్తుంటే, అందులో కొంత జీతంలోంచి తీసేసి లెక్క వేయించుకోవచ్చు. ఇది చాలామందికి తెలియదు.

[తెరపై: మళ్లీ ఆ క్యాలెండర్]

2025 ఏప్రిల్‌లో పరిమితిని 196 పౌండ్లకు పెంచారు. కనీస వేతనం 12.21 అయింది. అంటే 16 గంటలకు 195.36. మా పక్కింటావిడ వెంటనే వారానికి మూడు గంటలు పెంచుకున్నారు, ఎంత సంతోషపడ్డారో. ఆ నెల క్యాలెండర్‌లో ప్రతి వారం కింద 16 అని రాసి, చుట్టూ పెన్సిల్‌తో గీత గీసుకున్నారు. మే నెలలో షాపువాళ్లు పదిహేడో గంట అడిగారు. మళ్లీ వద్దన్నారు.