సింగపూర్‌లో షిప్ దిగితే

అందరికీ నమస్కారమండీ. ఒకప్పుడు సింగపూర్ వెళ్ళొచ్చాం అంటే వీధి వీధంతా చెప్పుకునేవాళ్ళు, ఇప్పుడు దానికి ఎవరూ కళ్ళు పెద్దవి చెయ్యట్లేదు, సింగపూర్ వెళ్ళి అక్కణ్ణుంచి మూడు రాత్రులో నాలుగు రాత్రులో క్రూజ్ కూడా కొట్టొచ్చాం అంటేనే లెక్క. సరే మంచిదే. కానీ ప్యాకేజీ అమ్మేవాళ్ళు షిప్‌లో బఫే గురించి, స్విమ్మింగ్ పూల్ గురించి గంటసేపు చెప్తారు, రేవులో దిగాక ఏంటి సంగతి అంటే మాత్రం "ఏముంది మేడం, చిన్న ఊరే, తిరిగెయ్యొచ్చు" అంటారు. అక్కడే మనం దెబ్బతింటాం.

ముందు మా ఘనకార్యం చెప్తా వినండి. మేం మొదటిసారి వెళ్ళినప్పుడు హోటల్ దగ్గర టాక్సీ ఎక్కి, మా ఆయన దర్జాగా "సింగపూర్ క్రూజ్ సెంటర్" అన్నారు. ఉన్నది సింగపూర్‌లో, ఎక్కేది క్రూజ్, ఇంకేమంటారు పాపం! డ్రైవర్ బుద్ధిగా తీసుకెళ్ళి హార్బర్‌ఫ్రంట్‌లో దింపాడు. ఎందుకంటే సింగపూర్ క్రూజ్ సెంటర్ అనే పేరు నిజంగానే ఆ టెర్మినల్‌ది. మా షిప్పేమో మెరీనా బే క్రూజ్ సెంటర్‌లో ఉంది, అది వేరే చోటు, 2012లో కట్టిన కొత్త టెర్మినల్. నాలుగు సూట్‌కేసులు, ఒక చేతిసంచి, అందులో మా అత్తగారిచ్చిన ఆవకాయ సీసా, వీటన్నిటితో మళ్ళీ టాక్సీ లైన్‌లో నిలబడ్డాం. టికెట్ మీద టెర్మినల్ పేరు స్పష్టంగా రాసే ఉంది, మేమే చదవలేదు.

రెండెందుకు అనుకున్నాను నేను కూడా. హార్బర్‌ఫ్రంట్ దగ్గర నీళ్ళ మీదుగా సెంటోసా దీవికి కేబుల్ కార్ వెళ్తుంది, అందుకని బాగా ఎత్తైన ఓడలు అటు రావు. 1983లో ఒక డ్రిల్లింగ్ ఓడ అలాగే ఆ తీగలకి తగిలి ఏడుగురు చనిపోయారు కూడా. కాబట్టి మీది పది పదిహేను అంతస్తుల పెద్ద షిప్ అయితే మెరీనా బేలోనే ఉంటుందని అనుకోవచ్చు, అయినా టికెట్ చూసుకోండి, మా ఆయనలా అనుకోకండి.

ఇప్పుడు అసలు విషయం. వేరే ఊర్లో ఎక్కి, సింగపూర్‌లో ఒక్క పగలు ఆగే షిప్‌లో మీరున్నారు అనుకోండి. షిప్ ఎప్పుడు ఆగుతుందని చూసి మురిసిపోకండి, ఎప్పుడు బయల్దేరుతుందో చూసి అక్కణ్ణుంచి వెనక్కి లెక్కెయ్యండి. సాయంత్రం 5కి బయల్దేరుతుందంటే 4 కల్లా లోపల ఉండమంటారు, ఇమిగ్రేషన్, సామాన్ల స్కానింగ్ లైన్లకి ఒక గంట వేసుకుంటే 3కి టెర్మినల్‌లో ఉండాలి, అంటే ఊళ్ళోంచి రెండున్నరకి కదలాలి. పొద్దున 8కి షిప్ ఆగినా అందరూ దిగి బయటపడేసరికి తొమ్మిదిన్నర. మిగిలింది అయిదు గంటలు. అయిదు గంటల్లో రెండు చోట్లు హాయిగా చూడొచ్చు, మూడోది పెట్టుకుంటే పరుగే. యూనివర్సల్ స్టూడియోస్ థీమ్ పార్కు లాంటివి అసలు తలపెట్టకండి, దానికే ఒక రోజు కావాలి.

ఇంకోటి, షిప్ వాళ్ళు అమ్మే టూర్లు ఖరీదే, కాదనను, కానీ వాళ్ళ బస్సు లేటైతే షిప్ ఆగుతుంది. మనంతట మనం తిరిగి లేటైతే ఆగదు. అంతే తేడా. పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉంటే ఆ డబ్బు పెట్టడమే నయం అంటాను నేను. ఓపికున్నవాళ్ళకి మాత్రం సింగపూర్‌లో టూర్ దండగ, ఎందుకంటే రెండు టెర్మినల్స్‌కీ ఎమ్మార్టీ, అంటే మన మెట్రో లాంటిది, దగ్గర్లోనే ఉంది.

హార్బర్‌ఫ్రంట్‌లో దిగితే పండగే. పక్కనే వివోసిటీ మాల్, కిందే ఎమ్మార్టీ స్టేషన్, ఊదారంగు లైన్ ఎక్కితే అయిదో స్టేషన్ లిటిల్ ఇండియా, అంటే మనవాళ్ళ గుళ్ళు, హోటళ్ళు ఉండే పేట. మెరీనా బేలో దిగితే కాస్త నడిచి మెరీనా సౌత్ పియర్ స్టేషన్‌కి వెళ్ళాలి, అది ఎర్ర లైన్ చివరి స్టేషన్, రెండో స్టాప్ రాఫుల్స్ ప్లేస్‌లో దిగి నది వైపు నడిస్తే నోట్లోంచి నీళ్ళు చిమ్మే ఆ మెర్లయన్ బొమ్మ వస్తుంది. 1972 నాటిది, ఎనిమిదిన్నర మీటర్ల పైన ఎత్తు, ఫోటో దిగేవాళ్ళ గుంపు ఇంకా ఎక్కువ ఎత్తు. అదే లైన్‌లో డోబీ ఘాట్ దాకా వెళ్ళి మారితే లిటిల్ ఇండియా. అవునండీ, డోబీ ఘాటే, మన ధోబీలు బట్టలుతికిన చోటు.

ఎమ్మార్టీకి టికెట్ అక్కర్లేదు, కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్ కార్డు ఉంటే గేటుకి తాకిస్తే చాలు, దిగేటప్పుడు మళ్ళీ తాకించాలి. కానీ మన బ్యాంకు కొత్త కార్డులకి ఫారిన్ వాడకం ఆఫ్‌లో ఉంటుంది, ఇంట్లో ఉండగానే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోండి, లేకపోతే గేటు ముందు నిలబడి వెనకాల వాళ్ళకి సారీ చెప్తూ ఉండాలి. మనిషికో కార్డు కావాలి, ఒకే కార్డుతో నలుగురూ దూరలేరు. రైల్లో ఏమీ తినకూడదు, తాగకూడదు, చుట్టుపక్కల ఎవరూ లేరు కదా అని జంతికలు తియ్యకండి, జరిమానా 500 సింగపూర్ డాలర్ల దాకా ఉంటుంది.

గుడికి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళాలి. లిటిల్ ఇండియా వైపు సెరంగూన్ రోడ్‌లో శ్రీనివాస పెరుమాళ్ గుడి, అంటే మన వెంకన్నే, చైనాటౌన్‌లో 1827 నాటి మారియమ్మన్ గుడి, రెండూ మధ్యాహ్నం మూసేసి సాయంత్రం తెరుస్తారు, అప్పటికి మీ షిప్ సముద్రంలో ఉంటుంది. కాబట్టి ముందు గుడి, తర్వాత భోజనం. సెరంగూన్ రోడ్‌లోనే కోమల విలాస్ 1947 నుంచి ఉంది, శాకాహారులకి బెంగ లేదు. హాకర్ సెంటర్లలో, అంటే రకరకాల తిండి స్టాళ్ళు ఒకే కప్పు కింద ఉండే చోట్లలో, తినాలనుకుంటే వెజ్ అని అడిగినా ఎండురొయ్యల ముద్ద, చేపల సాస్ ఉందా అని విడిగా అడగండి, వాళ్ళ లెక్కలో కూరగాయల మీద అవి పడితే అదీ కూరగాయల వంటకమే! ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే ఎవరో మర్చిపోయారని కూర్చోకండి, అది మన బస్సు సీట్లో తువ్వాలు వేసినట్టు. తిన్నాక ట్రే మనమే తీసి పెట్టాలి, 2021 నుంచి అది రూల్. నీళ్ళ సీసాలు కొనకండి, కుళాయి నీళ్ళు తాగొచ్చు. గొడుగు మాత్రం ఉండాలి, భూమధ్యరేఖకి అంత దగ్గర ఊరు, ఎండ కాస్తూ కాస్తూనే వాన కొట్టేస్తుంది.

కాగితాల సంగతి. సింగపూర్‌లోనే ఎక్కి తిరిగి సింగపూర్‌లోనే దిగేవాళ్ళు దేశంలోకి రెండుసార్లు వస్తున్నట్టు లెక్క, వీసా మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో చూసుకోవాలి, అరైవల్ కార్డు, అంటే దేశంలోకి వస్తున్నామని ఇచ్చే ఫారం, రెండోసారి కూడా నింపాలి. వచ్చే రోజుతో కలిపి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, అది పూర్తిగా ఉచితం, డబ్బులు అడుగుతున్నారంటే మీరు వేరే వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉన్నట్టు. సిగరెట్లకి డ్యూటీ ఫ్రీ లేదు, చూయింగ్ గమ్ తీసుకెళ్ళకండి, ఈ-సిగరెట్ అయితే జేబులో ఉన్నా నేరమే. షాపింగ్ చేసి జీఎస్టీ వెనక్కి తీసుకోవాలనుకునేవాళ్ళు, మీది రౌండ్ ట్రిప్ క్రూజ్ అయితే రేవులో ఇవ్వరు, విమానం ఎక్కేటప్పుడు చాంగీ ఎయిర్‌పోర్టులో అడగాలి.

ఆ ఇంకోటి, మర్చిపోతున్నా. షిప్ కదిలే ముందే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టెయ్యండి. ఒడ్డు దాటగానే ఫోన్ షిప్ నెట్‌వర్క్ పట్టుకుంటుంది, అది మామూలు రోమింగ్ ప్యాక్‌లోకి రాదు. మా ఆయన డెక్ మీద నిలబడి ఊరి లైట్లు చూపిస్తానని వాళ్ళ అక్కయ్యకి వీడియో కాల్ చేశారు. లైట్లు సరిగ్గా కనపడనే లేదట ఆవిడకి. ఆ బిల్లు ఇంకా మా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది, అయస్కాంతం మెర్లయన్‌ది. ఉంటానండీ, నమస్కారం.