అద్దెకిచ్చిన ఇంటికి బీమా

అందరికీ నమస్కారం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి, విజయవాడ సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోతే ఓనర్‌కు మిగిలేది ఉబ్బిన తలుపులు, పాడైన వైరింగ్, ఆగిపోయిన అద్దె. ఆ అద్దెతోనే నెల గడవాల్సిన పెద్దవాళ్ల కోసమే ఈరోజు ముఖ్యంగా మాట్లాడుతున్నాను.

2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ 'భారత్ గృహ రక్ష' అనే ఇంటి బీమా పాలసీ అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. అగ్నిప్రమాదం, తుఫాను, వరద, భూకంపం, గ్యాస్ పేలుడు దీని కిందికి వస్తాయి. మరి ఎంతకు చేయించాలి? ఇల్లు అమ్మితే వచ్చే ధరకు కాదు, తిరిగి కట్టడానికయ్యే ఖర్చుకు. కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపలి నేల, 1,000 చదరపు అడుగులు, కట్టుబడి ఖర్చు అడుగుకు 2,000 రూపాయలు అనుకుంటే 20 లక్షలు. ఫ్లాట్ 70 లక్షలు పలుకుతోందని అంతకీ ప్రీమియం కట్టకండి. అందులో స్థలం విలువ కూడా ఉంది, దానికి బీమా వర్తించదు.

మనవాళ్లు పట్టించుకోనిది ఒకటుంది. వరదకో మంటలకో ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే, బాగు చేయించే కాలానికి పోయిన అద్దె కూడా ఈ పాలసీలో అడగొచ్చు. అందుకే పాలసీకి ఇచ్చే దరఖాస్తులో, అదే ప్రపోజల్ ఫారంలో, అద్దె ఎంతో, ఎన్ని నెలలకు రక్షణ కావాలో స్పష్టంగా రాయించండి. ఏజెంటు ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఒప్పుకోవద్దు. ఇల్లు అద్దెకిచ్చామన్న సంగతి కూడా దాచకుండా చెప్పండి. అయితే అద్దెకున్నాయన మూడు నెలలు డబ్బు ఎగ్గొట్టి పోతే ఈ పాలసీ రూపాయి ఇవ్వదు. దానికి అగ్రిమెంటు, అడ్వాన్సే దిక్కు.

అద్దెకున్నవాళ్ల టీవీ, ఫ్రిజ్ మీ పాలసీలోకి రావు. సామాన్ల వరకే విడిగా పాలసీ తీసుకోవచ్చని అద్దెకు దిగే రోజే వాళ్లకు చెప్పండి. ఆ ఒక్క మాట రేపు ఇద్దరి మధ్య గొడవ రాకుండా ఆపుతుంది.

హోమ్ లోన్‌తో బ్యాంకు కట్టించిన ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు కొందరు. కాగితం తీసి చదవండి. చాలాసార్లు అది మీ ప్రాణానికి చేసిన బీమా, ఇంటికి కాదు.

నష్టం జరిగితే బురద కడిగే ముందే ఫొటోలు, వీడియోలు తీయండి, వెంటనే కంపెనీకి ఫోన్ చేయండి. నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చి చూసేదాకా పాడైన వస్తువులు పారేయకండి. పాలసీ కాగితాలు తెచ్చినవాళ్లు ముందుకు రండి, ఒక్కొక్కటీ చూద్దాం.