ఆకు లేకపోయినా చెట్టుని గుర్తుపట్టొచ్చు

[దృశ్యం: ఏప్రిల్ ఎండ. పెంచలకోన చుట్టూ కొండలు, మోడుబారిన చెట్లు.]

నెల్లూరు జిల్లా వెలిగొండల్లో ఎండాకాలం ఇది. చాలా చెట్లకి ఒక్క ఆకు కూడా లేదు. ఏది ఏ చెట్టో ఎలా చెప్పాలి? మాను దగ్గరికెళ్లి బెరడు చూడండి.

[దృశ్యం: ఎర్రచందనం మాను. కెమెరా బాగా దగ్గరగా.]

ఇది ఎర్రచందనం. ప్రపంచం మొత్తమ్మీద ఇది తనంతట తాను పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. పైకి మాత్రం ఎరుపు ఛాయే కనపడదు. నలుపు తిరిగిన గోధుమ రంగు, నిలువుగా అడ్డంగా లోతైన పగుళ్లు, మధ్యలో పలకలు. అచ్చం మొసలి వీపే! ఆ ఎరుపంతా లోపలి చేవలో ఉంటుంది. శాంటలిన్ అనే పదార్థం వల్ల వచ్చే రంగు అది. బెరడుకి గాయమైతే ఎర్రటి జిగురు కారుతుంది.

[దృశ్యం: బండల మధ్య తపసి చెట్టు.]

ఇప్పుడు తపసి చెట్టు చూడండి. తెల్లగా, నున్నగా ఉంది. పైపొర పల్చగా లేచి ఊడిపోతోంది. తపసి బంక వచ్చేది దీన్నుంచే.

రెండూ ఎండా రాయీ ఉన్న కొండల్లో బతికేవే. మరి బెరడులో ఇంత తేడా ఎందుకు?

[బొమ్మ: మాను అడ్డకోత. బెరడులోని పొరలకి వేర్వేరు రంగులు.]

బెరడులో రెండు భాగాలున్నాయి. లోపలిది ప్రాణమున్న పొర. ఆకుల్లో తయారైన ఆహారం వేర్లకి దిగేది దీని గుండానే. అందుకే మాను చుట్టూ బెరడు ఒలిచేస్తే ఎంత ఏపుగా ఉన్న చెట్టయినా మెల్లగా ఎండిపోతుంది. రోడ్డు పక్క చింతచెట్లకీ వేపచెట్లకీ ఇలా చేయడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. దయచేసి చేయకండి, ఎవరైనా చేస్తుంటే ఆపండి.

బయటి భాగం చచ్చిన కణాలు. వాటి గోడల్లో సుబెరిన్ అనే మైనం లాంటి పదార్థం ఉంటుంది. అది లోపలి తడిని బయటికి పోనివ్వదు. ఈ పొరని పుట్టించే సన్నటి కణజాలం దాని అడుగునే ఉంటుంది.

అసలు సంగతి ఇక్కడుంది. మాను ఏటేటా లావెక్కుతుంది. చచ్చిన పొర సాగలేదు కదా! పగలాలి, లేదంటే ఊడిపోవాలి. ఎర్రచందనంలో లాగే వేపలో, నల్లతుమ్మలో కూడా పాత పొర ఊడదు. కిందనుంచి కొత్తది చేరేకొద్దీ నిలువునా చీలుతుంది, గరుకు తేలుతుంది. ముసలి వేపకి పగుళ్లు ఎక్కువ ఉండేది అందుకే.

[దృశ్యం: పెరట్లో జామచెట్టు. లేచిన పెచ్చుని వేలితో మెల్లగా తీస్తున్నాం.]

జామది, తపసిది వేరే పద్ధతి. పాతది పల్చటి పెచ్చులుగా రాలిపోతుంది. ఒక పెచ్చు తీస్తే కింద చూడండి, లేత ఆకుపచ్చ! అది పత్రహరితమే. ఆకుల్లో జరిగే పని అక్కడా కొంచెం జరుగుతుంది. గాలి తగిలిన కొద్దిరోజులకి ఆ చోటు గోధుమ రంగుకి తిరుగుతుంది. ఒకే కొమ్మ మీద రెండు మూడు రంగులు కనపడేది అందుకే. ప్రకాశం జిల్లా జామాయిల్ తోటల్లో కింద పడుండే పీలికలూ ఇలా ఊడినవే.

బెరడు రంగు విషయంలో టానిన్లు అనే వగరు పదార్థాల పాత్ర పెద్దది. నల్లతుమ్మ బెరడు, తంగేడు బెరడు తోళ్లు ఊనడానికి వాడింది వాటిలోని టానిన్ల కోసమే. ఒక జాగ్రత్త: మాను మీద బూడిద రంగు మచ్చలన్నీ బెరడువి కావు. చాలావరకు లైకెన్లు, అంటే నాచూ బూజూ కలిసి బతికే జీవులు.

[దృశ్యం: కావలి దారిలో తాటిచెట్లు.]

తాటిచెట్టుకి ఈ లెక్కేదీ వర్తించదు. వేపలా ఏటా కొత్త కలప, కొత్త బెరడు చేర్చే పొర దానికి లేదు. మాను మీద కనిపించే వలయాలు రాలిన మట్టల గుర్తులు. అందుకే తాటికి గొడ్డలి గాటు పడితే ఎన్నేళ్లయినా పూడదు. వేప మాత్రం అంచుల నుంచి కొత్త బెరడు పెంచుకుంటూ వచ్చి ఆ గాయాన్ని మూసేస్తుంది.