'చాలు' అనాల్సింది ఎవరు?

మేనకోడలు: నమస్కారమండీ. ఈ ఎపిసోడ్‌లో నాతో పాటు మా మామయ్య ఉన్నారు. జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యారు. నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో కస్టమర్ సర్వేలు చూస్తాను. పోయిన నెల తాతయ్య తద్దినానికి ఊరు వెళ్లినప్పుడు ఒక మాట చెవిన పడింది. అప్పటి నుంచి అదే మనసులో తిరుగుతోంది. మామయ్యా, తాతయ్య పేరున భోజనానికి పిలిచిన భోక్తలు తిన్నాక మీరు వాళ్లని ఒకటి అడిగారు కదా?

మామయ్య: "తృప్తాః స్థ" అని అడుగుతామమ్మా. తృప్తి పొందారా అని. వాళ్లు "తృప్తాః స్మః", పొందాం అంటారు. ఆ మాట వాళ్ల నోటి నుంచే రావాలి. నువ్వులూ నీళ్లూ వదిలే తర్పణం ఉంది చూడు, అది కూడా తృప్తి పుట్టిన ధాతువులోంచే పుట్టింది. తర్పణం అంటే తృప్తిపరచడమే.

మేనకోడలు: అది వినగానే ఒళ్లు జలదరించింది మామయ్యా. నా ఉద్యోగమంతా ఆ ఒక్క ప్రశ్నే. "మా సేవతో మీరు సంతృప్తి చెందారా?" అని రోజూ వేల మందికి మెసేజ్‌లు పంపుతాం. కానీ మీరు అడిగినప్పుడు ఎదుటివాళ్ల ముఖం చూస్తూ అడిగారు. జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

మామయ్య: నాన్న కోసం కదమ్మా, నిలబడతాం. సరే, మీ దగ్గర ఎలా అడుగుతారో చెప్పు. నాకూ ఫోన్‌లో వస్తుంటాయి, సున్నా నుంచి పది లోపు నొక్కమని.

మేనకోడలు: దాన్ని నెట్ ప్రమోటర్ స్కోర్ అంటారు. 2003లో ఫ్రెడ్ రైకెల్డ్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చారు. "మా గురించి మీ స్నేహితులకు చెబుతారా?" అన్నదొక్కటే ప్రశ్న. 9, 10 ఇచ్చినవాళ్లు మనవాళ్లు. 7, 8 ఇస్తే అటూ ఇటూ కాని లెక్క. 6 గానీ అంతకంటే తక్కువ గానీ ఇస్తే మనమంటే గిట్టనివాళ్లు. మొదటివాళ్ల శాతంలోంచి చివరివాళ్ల శాతం తీసేస్తే వచ్చేదే స్కోరు.

మామయ్య: 6 ఇచ్చినవాడు గిట్టనివాడా?

మేనకోడలు: అదే చెప్పబోతున్నాను. ఒకసారి 6 ఇచ్చిన ఒక పెద్దాయనకి నేనే ఫోన్ చేశాను, ఏం లోపం జరిగిందని. ఆయన కంగారుపడ్డారు. "లోపమేంటమ్మా, ఆ అబ్బాయి ఎండలో వచ్చి గంటసేపు కూర్చుని బాగుచేశాడు. అందుకే ఫస్ట్ క్లాస్ మార్కులు వేశాను" అన్నారు. మనకి నూటికి అరవై అంటే ఫస్ట్ క్లాసే కదా! ఆయన మనసారా మెచ్చుకున్నారు. లెక్కలో మాత్రం అది ఫిర్యాదు కింద పడింది. ఆ నెల ఆ అబ్బాయికి ఇన్సెంటివ్ రాలేదు. నేను పైవాళ్లకి రాశాను, మాట్లాడాను. ఆ ఒక్క నెలకి సర్దారు గానీ పద్ధతి మారలేదు. ఇప్పుడు పనికి వెళ్లే కుర్రాళ్లంతా గుమ్మం దగ్గరే "సార్, పది నొక్కండి" అని బతిమాలుకుంటున్నారు. వాళ్ల టెన్షన్ చూస్తే నాకు బాధేస్తుంది.

మామయ్య: ఆ పెద్దాయన తృప్తి నిజమేనమ్మా. దాన్ని కొలిచిన గిన్నె వేరే ఊరిది. అయినా మన భాషలో తృప్తి ఒక్క చోట ఉండదు చూడు. కడుపారా తింటాం, కన్నారా చూస్తాం, నోరారా పిలుస్తాం, మనసారా నవ్వుతాం. ఒక్కో అవయవానికి ఒక్కో నిండుదనం. అన్నిటికీ పైన తనివి ఉంది. మనవడిని ఎత్తుకుంటే మీ అమ్మమ్మకి తనివి తీరదు. తీరకపోవడమే అక్కడ ఆనందం. వీటన్నిటినీ ఒక్క అంకెలో పెట్టమంటే పెద్దాయన మాత్రం ఏం చేస్తాడు?

మేనకోడలు: సంతోషం అనే మాట కూడా అంతే కదా?

మామయ్య: అవును. పతంజలి యోగసూత్రాల్లో నియమాలు ఐదు. శౌచం తర్వాత వచ్చేది సంతోషం. అక్కడ ఆ మాటకి అర్థం ఉన్నదానితో తృప్తిగా ఉండటం, సాధన చేసి అలవరచుకోవాల్సిన గుణం. మనం తెలుగులో దాన్ని పెళ్లికీ పండక్కీ వాడే ఆనందంగా మార్చుకున్నాం. ఇంగ్లీషు సాటిస్‌ఫ్యాక్షన్ దారి ఇంకోలా ఉంది. లాటిన్‌లో 'సాటిస్' అంటే చాలినంత, 'ఫాకెరె' అంటే చేయడం. అంటే చాలినంత చేయడం, బాకీ తీర్చడం. ఒకప్పుడు యూరప్‌లో అవమానం జరిగితే "నాకు సాటిస్‌ఫ్యాక్షన్ కావాలి" అని ద్వంద్వ యుద్ధానికి పిలిచేవాళ్లు. పరువు బాకీని కత్తితోనో తుపాకీతోనో వసూలు చేసుకోవడమన్నమాట.

మేనకోడలు: అయితే ఆ మాట లోపలా 'చాలు'నే ఉంది!

మామయ్య: ఉంది. అందుకే నాకు డొక్కా సీతమ్మ గారు గుర్తొస్తారు. 1841లో మండపేటలో పుట్టారు. పెళ్లయ్యాక కోనసీమలో లంకల గన్నవరం వెళ్లారు. చుట్టూ గోదావరి పాయలు. రేవు దాటి ఏ వేళకి ఎవరొచ్చినా అన్నం పెట్టారు. 1909లో పోయేదాకా అదే పని. ఇప్పుడు అక్కడ వైనతేయ పాయ మీద కాలువ నీళ్లని దాటించే వంతెన, అక్విడక్టుకి ఆవిడ పేరే. బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టారు. డబ్బిచ్చినా, భూమిచ్చినా పుచ్చుకునేవాడు ఇంకొంచెం ఇస్తే బాగుండు అనుకుంటాడు. అన్నం దగ్గర మాత్రమే, పుచ్చుకునే మనిషి విస్తరి మీద చేతులు అడ్డం పెట్టి "చాలు తల్లీ" అంటాడు. పెద్దవాళ్లు ఎప్పుడూ చెప్పే మాటే ఇది. దాని బరువు నాకు వడ్డించినప్పుడే తెలిసింది. ఆ 'చాలు' తినేవాడు అనాలి. వడ్డించేవాడు అంటే అవమానం.

మేనకోడలు: మా దగ్గర జపాన్ ప్రొఫెసర్ నోరియాకి కానో సిద్ధాంతం ఒకటి వాడతాం. 1984 నాటిది. కొన్ని ఉంటే ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే మాత్రం కోపం వస్తుంది. బంతిలో మంచినీళ్లలాంటివి. నీళ్లు బాగా పోశారని ఎవరూ పొగడరు కానీ, గ్లాసు ఖాళీగా ఉంటే పులిహోర ఎంత బాగున్నా భోజనం పాడైనట్టే. ఇది మాత్రం నాకు నిజమనిపిస్తుంది. సరే, 'చాలు' దగ్గరికి వద్దాం. ఎకనామిక్స్‌లో 'చాలు' ఉందా మామయ్యా? మీ పాఠాల్లో అంతా ఎక్కువ, ఇంకా ఎక్కువే కదా!

మామయ్య: ఒకాయన తెచ్చాడు. హెర్బర్ట్ సైమన్. మనిషి అన్నీ వెతికి, అన్నిట్లోకీ గొప్పది ఎంచుకోవడం కుదరని పని, అంత సమయమూ అంత తెలివీ ఎవరికీ ఉండవు అన్నాడు. తనకి సరిపడేది దొరకగానే అక్కడ ఆగుతాడు. సాటిస్‌ఫై అంటే తృప్తిపరచడం, సఫైస్ అంటే సరిపోవడం, రెండూ కలిపి 'సాటిస్‌ఫైసింగ్' అని 1956లో పేరు పెట్టాడు. 1978లో నోబెల్ వచ్చింది. క్లాసులో ఇది చెప్పాలంటే నేను బోర్డు మీద తెలుగులోనే రాసేవాణ్ణి: "అదే పదివేలు". పిల్లలకి వెంటనే ఎక్కేది.

మేనకోడలు: దాని మీద 2006లో వచ్చిన ఒక పరిశోధన నాకు చాలా ఇష్టం. అమెరికాలో చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్న విద్యార్థులని గమనించారు. అన్నిట్లోకీ మంచిదే కావాలని వెతికినవాళ్లకి మిగతావాళ్ల కంటే 20 శాతం ఎక్కువ జీతం వచ్చింది. కానీ తృప్తి తక్కువ. క్యాంపస్ ప్లేస్‌మెంట్లప్పుడు నా స్నేహితుల్లో ఇది కళ్లారా చూశాను. ఆఫర్ చేతిలో పెట్టుకుని, పక్కవాడి ప్యాకేజీ తలుచుకుంటూ నిద్ర లేకుండా గడిపేవాళ్లు.

మామయ్య: అలాగని "ఉన్నదాంతో తృప్తి పడండర్రా" అని పిల్లలకి నేను ఎప్పుడూ చెప్పలేదు. నా క్లాసులో కూలి పని చేసి చదువుకునే పిల్లలు ఉండేవాళ్లు. వాళ్లకి ఆ మాట చెప్పే హక్కు నాకెక్కడిది? నిండుగా తిన్నవాడు ఖాళీ విస్తరి ముందు కూర్చున్నవాడికి తృప్తి గురించి చెప్పకూడదు. దానికి తెలుగులో వేరే మాట ఉంది. సరిపెట్టుకోవడం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇద్దరూ ఊరుకునే ఉంటారు. కానీ ఒకరికి కావాల్సింది అందింది, ఇంకొకరు అడగడం మానేశారు.

మేనకోడలు: నేను అమ్మమ్మ గురించి అడగాలి. తద్దినం రోజు భోక్తలు తిన్నారు, తర్వాత మగవాళ్లు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత మేము. అమ్మమ్మ ఆఖర్న కూర్చుంది. అప్పటికి కూర అడుగంటింది. గారెలు అయిపోయాయి. నేను వడ్డిస్తానంటే "నాకు ఇది చాలమ్మా" అంది. నాకు ఆ 'చాలు' మింగుడు పడలేదు మామయ్యా.

మామయ్య: (కాసేపాగి) నా చిన్నప్పటి నుంచీ అమ్మ అలాగే అనేది. అమ్మకి తక్కువే సరిపోతుందని మేమంతా నమ్మాం. గిన్నెలో ఎంత మిగిలిందో ఎవరం చూడలేదు. భోక్తల ముందు చేతులు కట్టుకుని తృప్తాః స్థ అని అడిగినవాణ్ణి, అమ్మని ఒక్కసారి కూడా అడగలేదు. అది నా తప్పే.

మేనకోడలు: అందుకే ఆ తర్వాతి ఆదివారం మళ్లీ వచ్చాను.

మామయ్య: వచ్చావు. మినప్పప్పు నానబోశావు. మీ అత్తయ్య అల్లప్పచ్చడి చేసింది. అమ్మని అందరికంటే ముందు కూర్చోబెట్టాం. ససేమిరా అంది, మీరు తినకుండా నేనెలా తింటాను అని. నేను పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను గానీ విస్తరి వేసుకోలేదు.

మేనకోడలు: రెండు గారెలు తిన్నాక "చాలు" అంది, అలవాటుగా.

మామయ్య: నేను లేవలేదు. అమ్మ కాసేపు నా వైపు చూసింది. తర్వాత పచ్చడి వేలితో నంజుకుని, "ఇంకోటి వెయ్యరా, వేడిది" అంది.